పేబ్యాక్ మూడేళ్లు దాటిందని ప్రాజెక్టు కొట్టేశారు, ఇదెక్కడి లెక్క?

మూడోషిఫ్ట్
ఒళ్లు మండి రాస్తున్నా, కాస్త ఓపిగ్గా చదవండి. నాది మెయింటెనెన్స్. ఫైనాన్స్ చదువుకోలేదు, పడుతూ లేస్తూ సొంతంగా నేర్చుకున్నదే. పాత బాయిలర్ తీసేసి కొత్తది పెడదామని ప్రపోజల్ పెట్టా. ఖర్చు 100 అనుకోండి (అసలు అంకెలు ఇక్కడ చెప్పలేను, అన్నీ వందకి కుదించా). ఏడాదికి 30 చొప్పున ఆరేళ్లు మిగులుతుంది. అదే మీటింగులో ప్యాకింగ్ వాళ్ల ప్రపోజల్ కూడా వచ్చింది. దానికీ 100. మొదటి ఏడు 50, రెండో ఏడు 50, మూడో ఏడు 20, ఆ తర్వాత సున్నా. వాళ్లది పాసైంది, నాది పోయింది. కారణం ఒక్క లైను: "పేబ్యాక్ మూడేళ్లు దాటింది." పేబ్యాక్ అంటే పెట్టిన డబ్బు తిరిగి రావడానికి పట్టే కాలం. నాది మూడేళ్ల నాలుగు నెలలు, వాళ్లది రెండేళ్లు. 180 తెచ్చేదాన్ని వదిలేసి 120 తెచ్చేదాన్ని పట్టుకున్నారు. అన్ని కంపెనీల్లోనూ ఇంతేనా, మా దగ్గరే ఇలా ఏడుస్తోందా?

అంకెలగారడీ
ఎన్‌పీవీ వేశావా, అంటే రాబోయే డబ్బునంతా ఇవాళ్టి విలువకి మార్చి కూడి, పెట్టిన ఖర్చు తీసి చూశావా? అలా మార్చడానికి వాడే డిస్కౌంట్ రేటు ఎంత?

మూడోషిఫ్ట్
12 శాతం. ఫైనాన్స్ వాళ్లే ఇచ్చారు. నాది 23.3 వచ్చింది. వాళ్లది నేను వెయ్యలేదు.

అంకెలగారడీ
నేను వేశాలే. ఏడాది తర్వాత వచ్చే 50 ఇవాళ 44.6తో సమానం. రెండో 50 విలువ 39.9. మూడో ఏడు వచ్చే 20 విలువ 14.2. కూడితే 98.7. పెట్టింది 100. అంటే రెండేళ్లలో డబ్బు తిరిగొచ్చేస్తుందని మురిసిపోయి పాస్ చేసిన ప్రాజెక్టు కంపెనీకి 1.3 నష్టం! పేబ్యాక్‌కి రెండు కళ్లూ లేవు. ఇవాళ్టి రూకకీ రెండేళ్ల తర్వాతి రూకకీ తేడా కనపడదు, గీత దాటాక వచ్చే డబ్బు అసలే కనపడదు. నీ నాలుగో ఏడు, ఐదో ఏడు, ఆరో ఏడు వాళ్ల లెక్కలో పుట్టనే లేదు.

వడ్డీవెంకడు
ఐఆర్‌ఆర్, అంటే ఎన్‌పీవీ సున్నా అయ్యే రేటు, చూసినా అంతే. బాయిలర్‌ది దాదాపు 20 శాతం, ప్యాకింగ్‌ది 11 చిల్లర. నిధులకే 12 పడుతుంటే 11 తెచ్చేదాంట్లో పెట్టారు. భేష్.

పాతకాపు
కుర్రాళ్లందరూ పేబ్యాక్ మీద పడ్డారు కాబట్టి దాని తరఫున వకాల్తా నేను పుచ్చుకుంటా. ఇరవై ఏళ్లు ప్రాజెక్టు కమిటీలో కూర్చున్నాను. నా ముందుకొచ్చిన ప్రతి షీటులోనూ ఐదో ఏడు, ఆరో ఏడు బంగారమే. మొదటి రెండేళ్ల అంకెలు రాసేటప్పుడు చెయ్యి వణుకుతుంది, ఎందుకంటే అప్పటికి రాసినవాడు అదే కుర్చీలో ఉంటాడు, నిలదీస్తారు. ఆరో ఏటికి ఎవడెక్కడుంటాడో! అందుకని ఆ అంకెలు ఎంతైనా రాస్తారు. పేబ్యాక్ గీత గీసేది దీనికే. లెక్క రాకపోవడం వల్ల కాదు, లెక్క రాసేవాళ్లని నమ్మకపోవడం వల్ల.

ఇంకో మాట. "అన్ని కంపెనీల్లోనూ ఇంతేనా" అన్నావు కదా. 2001లో గ్రాహం, హార్వీ అని ఇద్దరు 392 మంది ఫైనాన్స్ అధిపతుల్ని అడిగి అచ్చేశారు. ఎన్‌పీవీ, ఐఆర్‌ఆర్ ఎప్పుడూ లేదా దాదాపు ఎప్పుడూ వాడతామన్నవాళ్లు ఒక్కోదానికీ ముప్పాతిక వంతు. పేబ్యాక్ వాడతామన్నవాళ్లు సగానికి పైనే. అంటే చాలామంది రెండూ చూస్తున్నారు. చిన్న కంపెనీల్లో పేబ్యాక్ దాదాపు ఎన్‌పీవీతో సమానంగా నడుస్తోంది.

తుంపర
చిన్న కంపెనీవాడిగా పాతకాపు మాస్టారి మాటకి నా ఓటు. మాకు అప్పు పుట్టాలంటే ఆరు నెలలు తిరగాలి. డబ్బు నాలుగేళ్లు ఇరుక్కుపోతే ఎన్‌పీవీ 23 అయినా 230 అయినా జీతాల రోజున అక్కరకు రాదు.

అంకెలగారడీ
@తుంపర అది ఇరకాటం లెక్క, లాభం లెక్క కాదు బాబాయ్. డబ్బు కొరత ఉంటే కొరత ఉందని పెట్టుకుని, పెట్టిన ప్రతి రూపాయికి ఎంత ఎన్‌పీవీ వస్తుందో చూసి పైనుంచి కిందకి వరస పేర్చుకోవాలి. మూడేళ్ల గీత ఎక్కణ్ణుంచి వచ్చింది? నాలుగేళ్లు ఎందుకు కాదు?

తుంపర
మా నాన్న గీశాడు. ఆయన్ని అడగాలి.

ప్రశ్నార్థకం
మధ్యలో దూరుతున్నా. ఆ 12 శాతం ఎక్కణ్ణుంచి వస్తుంది? బ్యాంకు వడ్డీయా?

వడ్డీవెంకడు
బ్యాంకు వడ్డీ ఒక్కటే కాదు. కంపెనీ డబ్బులో నూటికి 40 వంతులు అప్పు, 60 వంతులు వాటాదార్లది అనుకో. అప్పు మీద 9 శాతం కడుతున్నా, ఆ వడ్డీకి పన్ను మినహాయింపు ఉంటుంది. పన్ను 25 అయితే అసలు భారం 6.75. వాటాదార్లకి అంత రిస్కు మోసినందుకు 15.5 రావాలి. 6.75లో 40 వంతులు 2.7, 15.5లో 60 వంతులు 9.3. కూడితే 12. దీన్నే సగటు మూలధన వ్యయం అంటారు.

ఇందులో వడ్డీ ఒక్కటే కాగితం మీద ఉండేది. 15.5 అనేది మాత్రం వాదన. ఎవరి వాదన గెలిస్తే ఆ అంకె.

నిద్రలేనిరాత్రి
ఆ 12నే అన్నిటికీ వాడటం ఇంకో తమాషా. మా పాత కంపెనీలో లైట్లు మార్చడానికీ అదే రేటు, కొత్త దేశంలో కొత్త సరుకు అమ్మడానికీ అదే రేటు. లైట్ల కరెంటు ఆదా దాదాపు ఖాయం, కొత్త మార్కెట్ గాలిలో దీపం. రెండిటికీ ఒకే గజంబద్ద పెడితే ఏమవుతుంది? రిస్కున్నవన్నీ లాభంగా కనపడి పాసవుతాయి, పదిలమైనవి ఆగిపోతాయి. పదేళ్లకి కంపెనీ అంతా రిస్కు ప్రాజెక్టులే. పాతకాపు గారు చెప్పిన ఆ సర్వేలోనే సగానికి పైగా కంపెనీ మొత్తానికీ ఒకే రేటు వాడతామన్నారు, విదేశీ ప్రాజెక్టు అయినా సరే.

పాతకాపు
అంకెలు పెంచి రాయడానికి విరుగుడుగా మేము అందరికీ 20 శాతం రేటు పెట్టాం. 12 అంటే పెంచి రాస్తున్నారని. ఏమైందో తెలుసా? 20 దాటేలా రాయడం మొదలెట్టారు. అంతే తేడా. నిజాయితీగా రాసినవాళ్లవి మాత్రమే ఆగిపోయాయి. అది నా హయాంలో జరిగిన పొరపాటు, ఒప్పుకుంటున్నా.

ఖర్చులఖాతా
అందరూ రేటు మీద కొట్టుకుంటున్నారు గానీ ఒక్కరూ అసలు ప్రశ్న అడగలేదు. @మూడోషిఫ్ట్ అన్నా, ఆ 30 ఎలా వచ్చింది?

మూడోషిఫ్ట్
ఇంధనం ఆదా 18. పాతదాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి సగం రోజు మిగులుతాడు, ఇంకో ఇద్దరి పని కూడా తగ్గుతుంది, అది 7. ఆవిరి ఆగి లైను ఆగిపోవడం తగ్గుతుంది, అది 5.

ఖర్చులఖాతా
ఆ 7 సంగతి చెప్పు. ఎవరైనా ఉద్యోగం మానేస్తారా? ఓవర్‌టైం తగ్గుతుందా? కొత్తవాణ్ణి తీసుకోవడం ఆగుతుందా?

మూడోషిఫ్ట్
లేదు... వేరే పనులు చూసుకుంటారు.

ఖర్చులఖాతా
అయితే జీతాల పద్దులో ఒక్క పైసా కదలదు. ఆ 7 కాగితం మీద డబ్బు. తీసెయ్. 23 మిగిలింది. ఆరేళ్లపాటు ఏటా వచ్చే 1కి 12 శాతం మీద ఇవాళ్టి విలువ 4.111, దాంతో గుణిస్తే 94.6. నీ ఎన్‌పీవీ మైనస్ 5.4.

వడ్డీవెంకడు
ఓర్నాయనో. ప్యాకింగ్ వాళ్ల కంటే హీనం.

మూడోషిఫ్ట్
నేను సాయం అడిగానా, శవపరీక్ష అడిగానా?

తుంపర
😂😂

ఖర్చులఖాతా
కోప్పడకన్నా, ఇంకా పన్ను వెయ్యలేదు. 12 శాతం పన్ను తర్వాతి రేటు అని వెంకడు చూపించాడు కదా. మరి డబ్బు కూడా పన్ను తర్వాతిదే ఉండాలి.

ప్రశ్నార్థకం
తరుగుదల, అంటే యంత్రం ఖర్చు 100ని ఆరేళ్లకీ పంచి రాసేది, అది కూడా తీసెయ్యాలి కదా? ఏడాదికి 16.7. అప్పుడు 23లో 6.3 మాత్రమే మిగులుతుంది. ఇక ఆశ లేదు.

అంకెలగారడీ
తప్పు. తరుగుదల జేబులోంచి పోయే డబ్బు కాదు. మొత్తం 100 మొదటి రోజే పోయింది. మళ్లీ ఏటా 16.7 తీస్తే ఒకే ఖర్చుని రెండుసార్లు కొట్టినట్టు.

ఖర్చులఖాతా
ఇద్దరిదీ సగం సగం. తరుగుదలని డబ్బులోంచి తియ్యకూడదు, కానీ పన్ను లెక్కలో వెయ్యాలి. 23లోంచి 16.7 తీస్తే పన్ను పడేది 6.3 మీద. 25 శాతం అంటే 1.6. చేతికొచ్చేది 23లో 1.6 పోను 21.4. ఆరేళ్లకి ఇవాళ్టి విలువ 88. అంటే మైనస్ 12. (తరుగుదల నిబంధనలు పన్ను చట్టాన్ని బట్టి మారతాయి, ఏటా సమానంగా వేసుకున్నా.)

మూడోషిఫ్ట్
ప్లస్ 23 నుంచి మైనస్ 12కి వచ్చాం. ఇంకో నాలుగు రిప్లైలు వస్తే నేనే కంపెనీకి బాకీ పడేలా ఉన్నా.

నిద్రలేనిరాత్రి
ఆగండి, ఒక వైపే చూస్తున్నారు. @మూడోషిఫ్ట్ కొత్తది పెట్టకపోతే పాతది ఆరేళ్లు ఇలాగే నడుస్తుందా?

మూడోషిఫ్ట్
ఎక్కడ నడుస్తుంది! రెండేళ్లలో ట్యూబులన్నీ మార్చి ఓవర్‌హాల్ చెయ్యాలి. తనిఖీవాళ్లు రాసిచ్చారు కూడా. 25 దాకా అవుతుంది.

నిద్రలేనిరాత్రి
మరి అది షీట్లో ఏదీ?!

మూడోషిఫ్ట్
అది మెయింటెనెన్స్ బడ్జెట్ కదా, ప్రాజెక్టుది కాదు అనుకున్నా.

నిద్రలేనిరాత్రి
ఏ బడ్జెట్టైతే ఏంటి, జేబు ఒకటేగా. పోల్చాల్సింది "మొన్నటికీ రేపటికీ" కాదు, "ఇది చేస్తే" "ఇది చెయ్యకపోతే" అనే రెండు దారులనీ. చెయ్యకపోతే రెండో ఏట 25 పోతుంది. అది ఖర్చుగా రాస్తే పన్ను తగ్గి 18.75 పడుతుంది, ఇవాళ్టి విలువ 15. అది ఆదా. మైనస్ 12 కాస్తా ప్లస్ 3.

చాలా ప్రపోజల్స్ ఇక్కడే తప్పుతాయి. ఏమీ చెయ్యకపోతే ఏమీ మారదు అనుకుంటారు. పాత యంత్రం పాడవుతుంది, పోటీవాడు ధర తగ్గిస్తాడు, వాటా పోతుంది. ఏమీ చెయ్యకపోవడానికీ ఒక క్యాష్ ఫ్లో (డబ్బు రాకపోకల లెక్క) ఉంటుంది, సాధారణంగా అది కిందకే జారుతుంది.

ఖర్చులఖాతా
ఒప్పుకున్నా, మంచి పాయింటు. పాతదాన్ని తుక్కుకి అమ్మితే?

మూడోషిఫ్ట్
4 వస్తుంది. పుస్తకాల్లో దాని విలువ సున్నా అయిపోయింది. ఆ, ఇంకోటి. దీనికోసం ఒక కన్సల్టెంట్ స్టడీ చేశాడు, 6 అయింది. అది కలపనే లేదు, కలిపితే 100 కాదు 106.

ఖర్చులఖాతా
తుక్కు 4లో పన్ను 1 పోను 3, ఇప్పుడే చేతికొస్తుంది. ప్లస్ 6 అయింది. కన్సల్టెంట్ డబ్బు కలపకు. ఆయన బిల్లు కట్టేశారు, బాయిలర్ కొన్నా కొనకపోయినా ఆ 6 తిరిగి రాదు.

వడ్డీవెంకడు
కాంకోర్డ్ విమానం కథ. 1962లో బ్రిటన్, ఫ్రాన్స్ ప్రభుత్వాలు ఒప్పందం రాసుకున్నాయి, 1976లో ప్రయాణికులు ఎక్కారు. మధ్యలో ఎప్పుడు ఆపుదామన్నా "ఇంత పెట్టాం కదా" అన్న మాటే. చివరికి విమానయాన సంస్థల్లో ఎగిరినవి 14. పోయిన డబ్బు మీద మమకారానికి జనం దాని పేరే పెట్టారు.

అంకెలగారడీ
@ఖర్చులఖాతా చిన్న సవరణ. తుక్కు ఇప్పుడు అమ్మితే 3 వచ్చింది సరే. "చెయ్యకపోతే" దారిలో ఆరేళ్ల తర్వాత అదే తుక్కు అమ్ముకునేవాళ్లు కదా, ఆ 3 పోయింది. ఇవాళ్టి విలువ 1.5. కాబట్టి 6 కాదు, 4.5.

ఖర్చులఖాతా
నీలాంటివాడు మా ఆఫీసులో ఉంటే నేను రాజీనామా చేస్తా. కరెక్టే.

ప్రశ్నార్థకం
ఒక తెలివితక్కువ ప్రశ్న. బాయిలర్ ఆరేళ్లేనా బతికేది?

మూడోషిఫ్ట్
లేదు, బాగా చూసుకుంటే పదిహేను పైనే.

ప్రశ్నార్థకం
మరి ఆరేళ్లకే ఎందుకు ఆపావు?

మూడోషిఫ్ట్
కంపెనీ ఫారంలో ఆరు గళ్లే ఉన్నాయి.

తుంపర
ఈ థ్రెడ్‌కి ఈ ఒక్క రిప్లై చాలు. ఫారం గీసినవాడే పెట్టుబడి విధానం రాసినట్టు!

నిద్రలేనిరాత్రి
నవ్వకండి, ఇది పెద్ద విషయమే. ఏడు నుంచి పదో ఏడు దాకా కలిపి చూడండి. తరుగుదల అయిపోయింది కాబట్టి పన్ను పోను ఏటా 17.25. ఆ నాలుగేళ్ల ఇవాళ్టి విలువ 26.5. ఇంతసేపు అటూ ఇటూ లాక్కున్న 4.5 ఎక్కడ, నాలుగు గళ్లు జోడిస్తే వచ్చే 26.5 ఎక్కడ. తెలివితక్కువ ప్రశ్న కాదు @ప్రశ్నార్థకం, అసలు ప్రశ్న.

పాతకాపు
గళ్లు పెంచితే బంగారం కూడా పెరుగుతుందని ముందే చెప్పాను. పదిహేను గళ్లిస్తే పదిహేనూ నింపుతారు. బాయిలర్ పదిహేనేళ్లు బతకొచ్చు, ఆ ఆవిరితో తయారయ్యే సరుకుకి పదిహేనేళ్లు గిరాకీ ఉంటుందా? ఇరీడియం అనే ఉపగ్రహ ఫోన్ కంపెనీ గుర్తుందా? 66 ఉపగ్రహాలు, దాదాపు 500 కోట్ల డాలర్లు. ప్రపంచంలో ఎక్కణ్ణుంచైనా ఫోన్. 1998 నవంబర్‌లో సేవ మొదలైంది, 1999 ఆగస్టుకి దివాలా పిటిషన్. వాళ్లు కట్టుకుంటూ ఉండగానే నేల మీది సెల్‌ఫోన్లు ఊరూరా వచ్చేశాయి. తర్వాత వేరేవాళ్లు చవగ్గా కొనుక్కుని నడుపుకున్నారు. ఉపగ్రహాలు బాగానే ఉన్నాయి, షీట్లో గిరాకీ గడి తప్పింది.

అంకెలగారడీ
దానికి జవాబు గళ్లు తగ్గించడం కాదు మాస్టారూ, అంకె కదిపి చూడటం. ఇంధనం ధర 20 శాతం పడితే? గిరాకీ నాలుగో ఏట ఆగిపోతే? ఎన్‌పీవీ ఎక్కడ సున్నా అవుతుందో తెలిస్తే ఏ అంకె మీద కన్నేసి ఉంచాలో తెలుస్తుంది. బాయిలర్‌కైతే ఇంధనం ధరే ప్రాణం.

నిద్రలేనిరాత్రి
ఇరీడియంలో నాకు కనపడేది ఇంకోటి. మధ్యలో దిగే మెట్టు లేదు. సగం ఉపగ్రహాలతో సగం ప్రపంచానికి సేవ కుదరదు. మెట్టు మెట్టుగా కట్టగలిగితే లెక్క మారుతుంది. ఉదాహరణకి పెద్ద ప్లాంటు కడితే సగం అవకాశం 40 లాభం, సగం అవకాశం 60 నష్టం. సగటున 10 నష్టం, కొట్టెయ్యాల్సిందే. కానీ 10 పెట్టి ముందు చిన్న ప్లాంటు వేస్తే ఏడాదిలో తేలిపోతుంది అనుకో. బాగుంటే పెద్దది కడతాం, లేకపోతే అక్కడితో ఆపేస్తాం. 40లో సగం 20, ఏడాది వెనక్కి లాగితే 17.9. అందులో 10 పోతే దాదాపు 8 మిగులు. ఆపే హక్కుకి విలువ ఉంది. 1977లో స్టీవార్ట్ మైయర్స్ దీనికి రియల్ ఆప్షన్స్ అని పేరు పెట్టాడు.

తుంపర
"అక్కడితో ఆపేస్తాం" అన్నంత తేలిగ్గా ఎవరు ఆపారు గురూ? కాంకోర్డ్ ఇప్పుడే అయింది కదా.

నిద్రలేనిరాత్రి
😀 అందుకే ఏ అంకె వస్తే ఆపాలో చిన్న ప్లాంటు మొదలెట్టకముందే కాగితం మీద రాసి సంతకాలు పెట్టించాలి.

వడ్డీవెంకడు
సందట్లో సందు, నా గొడవ కూడా వినండి. మా బాస్‌కి ఐఆర్‌ఆర్ పిచ్చి. 10 పెడితే ఏడాది తర్వాత ఒక్కసారి 15 వచ్చేది ఒకటి, 50 శాతం. 100 పెడితే అలాగే 125 వచ్చేది ఇంకోటి, 25 శాతం. రెండిట్లో ఒకటే చెయ్యగలం. ఆయన మొదటిదే అన్నాడు. 12 మీద మొదటిదాని ఎన్‌పీవీ 3.4, రెండోదానిది 11.6. శాతాలతో కడుపు నిండదు సార్ అంటే మొహం మాడ్చుకున్నాడు.

అంకెలగారడీ
దానికంటే భయంకరమైనది నేను చూశా. గని ప్రాజెక్టు. మొదట 100 పెట్టాలి, ఏడాది తర్వాత 230 వస్తుంది, రెండో ఏట గుంత పూడ్చి నేల బాగుచెయ్యడానికి 132 పోతుంది. ఐఆర్‌ఆర్ 10 శాతం. ఐఆర్‌ఆర్ 20 శాతం కూడా! రెండూ నిజమే, వేసి చూసుకోండి. డబ్బు గుర్తు రెండుసార్లు మారితే ఇలా రెండు జవాబులొస్తాయి. స్ప్రెడ్‌షీట్ మాత్రం ఒకటే చూపించి ఊరుకుంటుంది, ఏది చూపిస్తుందో దాని ఇష్టం.

ప్రశ్నార్థకం
వేసి చూశా. రెండూ వచ్చాయి. ఇవాళ నిద్ర పట్టదు.

ఖర్చులఖాతా
@మూడోషిఫ్ట్ ఒక్కటి మాత్రం మర్చిపోకు. ఇంధనం ధర ఏటా పెరుగుతుందని వేశావా, ఇవాళ్టి ధరే ఆరేళ్లూ పెట్టావా?

మూడోషిఫ్ట్
ఇవాళ్టి ధరే.

ఖర్చులఖాతా
వెంకడి 12లో ధరల పెరుగుదల కలిసే ఉంది, ఎందుకంటే బ్యాంకూ వాటాదారూ దాన్ని కలుపుకునే అడుగుతారు. కింద పెరుగుదల ఉన్న రేటు, పైన పెరుగుదల లేని డబ్బు. తక్కెడలో ఒక పళ్లేనికే బరువు కట్టినట్టు. రెండిట్లో ఉండాలి, లేదా రెండిట్లోనూ ఉండకూడదు. మా దగ్గర పదిహేనేళ్ల ప్రాజెక్టు ఒకటి ఇలాగే అన్యాయంగా పోయింది, రెండేళ్ల తర్వాత గానీ ఎవరూ పట్టుకోలేదు.

మూడోషిఫ్ట్
సరే. 7 తీసేసి, పన్ను వేసి, ఓవర్‌హాల్ కలిపి, తుక్కు రెండు వైపులా రాసి, ఇంధనం ధర మూడు రకాలుగా పెట్టి మళ్లీ పంపుతున్నా. గళ్లు ఆరే ఉంచుతా, పాతకాపు గారి భయంకొద్దీ. పదేళ్ల లెక్క వేరే కాగితం మీద జత చేస్తా.

పాతకాపు
మంచిది. ప్యాకింగ్ వాళ్ల 50లో ఎన్ని "7"లున్నాయో కూడా ఎవరైనా అడిగితే బాగుండు.

మూడోషిఫ్ట్
మూడు వారాలైంది, చెప్పకపోతే బాగోదు. పాసైంది. మొదటి ప్రశ్న ఏమడిగారో ఊహించండి.

తుంపర
"పేబ్యాక్ ఎంత?"

మూడోషిఫ్ట్
అదే. మూడేళ్ల ఎనిమిది నెలలు అన్నా. "ఇదివరకటి కంటే పెరిగిందే!" అన్నారు. గది అంతా నవ్వులు. ఇక పోయినట్టే అనుకున్నా. అప్పుడు ఓవర్‌హాల్ లైను చూసి ప్రొడక్షన్ హెడ్ లేచాడు. ట్యూబులు మార్చాలంటే మూడు వారాలు ఆవిరి ఉండదు, అన్నాళ్లు లైను ఆపడం నా వల్ల కాదు, కొత్తదే పెట్టండి అన్నాడు. ఐదు నిమిషాల్లో సంతకాలైపోయాయి. ఎన్‌పీవీ పేజీ ఎవరూ తిప్పలేదు. ఏడాది తర్వాత ఆదా ఎంత వచ్చిందో చూపించాలని షరతు, కింద నా పేరు.

ఖర్చులఖాతా
ఆ మూడు వారాల ఉత్పత్తి నష్టం షీట్లో వేశావా?

మూడోషిఫ్ట్
...వెయ్యలేదు.

అంకెలగారడీ
ఎంతవుతుందో చెప్పు, వేస్తా.